స్ప్రింగ్ టర్కీ వేటకు ఏది మేలు: గైడ్ ఉన్న క్యాంపా, సొంతంగా పబ్లిక్ ల్యాండా?

జనవరి దాటితే చాలు, డాలస్ వైపు మన వాళ్లలో తుపాకీ సరదా ఉన్నవాళ్లంతా ఒకటే అడుగుతారు. ఈసారి స్ప్రింగ్ టర్కీ కోళ్ల సీజన్‌కి ఏదైనా వేట క్యాంపులో గైడ్‌ని మాట్లాడుకుని వెళ్దామా, లేక పబ్లిక్ ల్యాండ్ (ఎవరైనా వేటాడుకోగల ప్రభుత్వ భూమి) చూసుకుని మనమే పోదామా? కొత్తవాళ్లయితే క్యాంపు, అలవాటైన వాళ్లయితే సొంతంగా అని చాలామంది చెప్పేస్తారు. నాకు ఆ జవాబు నచ్చదు. అనుభవం సంగతి తర్వాత, ముందు చూడాల్సింది మీరు ఏ రాష్ట్రంలో వేటాడబోతున్నారన్నది. టెక్సస్‌కి ఒక జవాబు, మిస్సోరికి ఇంకో జవాబు.

కొత్తవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అనగానే మనకు కేసులు, కోర్టులే గుర్తొస్తాయి కాబట్టి ఇక్కడ ప్రభుత్వమే లైసెన్సు అమ్మి వేటాడుకోమనడం మొదట్లో వింతగానే ఉంటుంది. కానీ ఆ లైసెన్సు డబ్బులు, 1937 చట్టం కింద తుపాకులు తూటాల మీద వసూలు చేస్తున్న ఫెడరల్ పన్ను, రెండూ వన్యప్రాణుల పనికే వెళ్తాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చాలా రాష్ట్రాల్లో కనుమరుగైపోయిన అడవి టర్కీని మళ్లీ వలేసి పట్టి, ఊళ్లు మార్చి వదిలి, ఇప్పుడు దేశం మొత్తం మీద 60 లక్షల ప్రాంతానికి తెచ్చింది ఈ డబ్బుతోనే. స్ప్రింగ్‌లో దాదాపు అన్ని చోట్లా గడ్డం ఉన్న పక్షినే కొట్టాలి, అంటే రొమ్ము మీద కుచ్చులా వెంట్రుకలు వేలాడేది, ఎక్కువగా మగదే.

వేట కిటుకంతా ఒక్క విషయంలో ఉంది. ఈ కాలంలో మగ టర్కీ తెల్లారుజామున చెట్టు మీద నుంచే అరుస్తుంది, ఆ అరుపు విని పెట్టలు దాని దగ్గరికి పోతాయి. మనమేమో పెట్టలా కూసి దాన్నే మన దగ్గరికి రమ్మంటాం. అంటే దాని స్వభావానికి ఎదురు బేరం. వాసన పెద్దగా తెలియదు గానీ చూపు మాత్రం మహా పదును, ముక్కు మీద దోమ వాలిందని చెయ్యెత్తారా, అయిపోయింది.

ఇక క్యాంపు సంగతి. టెక్సస్ హిల్ కంట్రీలోనో, పశ్చిమాన రోలింగ్ ప్లెయిన్స్‌లోనో ఒక రాంచ్, రెండు మూడు రోజులు బస, భోజనం, గైడ్, కలిపి మనిషికి మామూలుగా వెయ్యి నుంచి రెండున్నర వేల డాలర్ల మధ్య అడుగుతారు. పిండి కొద్దీ రొట్టె. ఫ్లోరిడాలో మాత్రమే దొరికే ఆసియోలా రకం కావాలంటే ఇంకా పైకి పోతుంది. పైన గైడ్‌కి టిప్పు పదిహేను, ఇరవై శాతం వేసుకోండి. లైసెన్సు మీదే. టెక్సస్‌లో ఆరు నెలలుగా ఉంటున్న వాళ్లకి లైసెన్సు 25 డాలర్లు, దాని మీద పక్షుల వేటకి అదనంగా తీసుకునే ఎండార్స్‌మెంట్ 7 డాలర్లు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లయితే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా కావాలి.

ఇంత డబ్బు దేనికి? గైడ్ బాగా కూస్తాడనా? కాదు. బాక్స్ కాల్ అనే కూత పెట్టెకి సుద్ద రాసి మూత గీకితే నాలుగు రోజుల్లో మీరూ పెట్టలా కూయగలరు. మీరు కొంటున్నది భూమిని, ఆ భూమి గురించి అతనికి తెలిసినదాన్ని. టెక్సస్ నేలలో 95 శాతం ప్రైవేటు వాళ్లదే. పైగా ఇక్కడుండే రియో గ్రాండే రకం వాగుల వెంట ఉన్న పెద్ద పీకాన్, ఓక్ చెట్ల మీదే ఏళ్ల తరబడి రాత్రిళ్లు పడుకుంటుంది. పొద్దున దిగాక మాత్రం ఒక చోట నిలవదు, మేసుకుంటూ మైళ్లు పోతుంది. ఏ వాగు, ఏ చెట్టు, దిగాక ఏ కంచె సందు గుండా ఏ చేలోకి పోతుంది, ఇదంతా గైడ్‌కి ముందే తెలుసు. మీకు దొరికే చిన్న పబ్లిక్ ముక్కలో అయితే ఆ పక్షి కంచె దాటిందంటే ఇక మీది కాదు, చూస్తూ నిలబడడమే. కంచె స్తంభాలకీ చెట్లకీ ఊదా రంగు గీత కనిపిస్తే టెక్సస్‌లో అది లోపలికి రావద్దన్న బోర్డుతో సమానం, చట్టమే అలా ఉంది.

మంచి గైడ్ పక్కన ఉంటే ఎంత తేడా వస్తుందో ఒక్క ముచ్చట చెప్తాను. మగపక్షి తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకి రాస్తూ, గుండెల్లో తగిలేంత మంద్రమైన ఝంకారం చేస్తూ ముప్పై గజాల్లోకి వచ్చేసింది, తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో మెరుస్తోంది, మీ వేలు ట్రిగ్గర్ మీద దూకుతోంది. గైడ్ మాత్రం ఆగమని మోకాలు నొక్కుతాడు. ఎందుకంటే అలా విప్పుకున్నప్పుడు మెడ ముడుచుకుని ఈకల్లో దాక్కుంటుంది, గుళ్లు ఒంట్లోకి పోతే గాయపడి పారిపోతుంది. అతను ఒక్కసారి గట్టిగా చిన్న కూత వేస్తాడు, పక్షి ఏంటా అని మెడ సాచి నిలబడుతుంది, అప్పుడు మెడా తలా కలిసే చోటికి గురి. ఇది వీడియోలు చూసి నేర్చుకోవచ్చు గానీ, గుండె దడదడలాడుతున్నప్పుడు గుర్తుండదు. పక్కన మనిషి ఉండాల్సిందే.

క్యాంపులో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. ఒక గైడ్‌కి ఇద్దరు వేటగాళ్లని అంటగడతారు, మొదటి షాట్ ఎవరిదో నాణెం ఎగరేసి తేలుస్తారు, మూడు రోజుల్లో రెండు పొద్దులు వానకి పోతే రెండోవాడి పని గోవిందా. అడ్వాన్స్ సగం కట్టించుకుని తిరిగివ్వరు. గాయపడి దొరక్కుండా పోయినా మీ ఖాతాలో ఒక పక్షి అయిపోయినట్టే రాస్తారు. రెండో పక్షి కొడితే విడిగా బిల్లు. ఇవేవీ మోసాలు కావు, ముందే కాగితంలో ఉంటాయి, మనమే చదవం. ఇంకోటి, క్యాంపులో మీరు టర్కీని కొడతారు కానీ టర్కీ వేట నేర్చుకోరు. పక్షిని వెతికింది అతను, కూసింది అతను, కూర్చోబెట్టింది అతను. మర్నాడు ఒక్కరే అడవిలోకి పోతే ఎటు నడవాలో తెలియదు.

మిస్సోరి కథ వేరు. అక్కడ మార్క్ ట్వెయిన్ నేషనల్ ఫారెస్ట్ ఒక్కటే దాదాపు 15 లక్షల ఎకరాలు, కాకపోతే ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉంటుంది. లోపలికి పోవడానికి రూపాయి కట్టక్కర్లేదు, చాలా చోట్ల టెంటు వేసుకున్నా ఎవరూ అడగరు. బయటి రాష్ట్రం వాళ్లకి పర్మిట్ 200 డాలర్ల పైనే, అయినా క్యాంపు రేటుతో పోలిస్తే అదెంత. సీజన్ ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు నడుస్తుంది. అక్కడిది ఈస్టర్న్ రకం. దట్టమైన ఓక్ అడవిలో ఉంటుంది, ఈ రాత్రి పడుకున్న చెట్టు మీద రేపు ఉంటుందని నమ్మకం లేదు, కానీ రియో గ్రాండే రకంలా అంత దూరం కూడా పోదు. కాబట్టి ముందురోజు సాయంత్రం గుట్ట ఎక్కి నిలబడి గుడ్లగూబలా కూస్తే, అది ఉలిక్కిపడి చెట్టు మీద నుంచి అరిచి తన అడ్రస్ తనే చెప్పేస్తుంది. నవ్వకండి, నిజంగా పనిచేస్తుంది. గైడ్ తెలివిలో సగం ఈ ఒక్క పనితో మీకే దొరుకుతుంది.

కష్టం ఎక్కడంటే మనుషులతో. నాలుగున్నరకి గేటు దగ్గరికి పోతే అప్పటికే ఒక పికప్ ఆగి ఉంటుంది. మర్యాద ఏంటంటే మీరు ఇంకో చోటికి పోవాలి, అందుకే ఒక్క చోటు అనుకుని బయల్దేరకూడదు, మూడు నాలుగు గుర్తు పెట్టుకోవాలి. శబ్దం విని పొదల్లోకి కాల్చేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద ఎక్కడా కనిపించకూడదు, సాక్స్ కూడా, ఎందుకంటే అవి మగపక్షి తల రంగులు. వెడల్పాటి చెట్టుకి వీపు ఆనించి కూర్చోండి. ఎవరైనా వస్తున్నట్టు కనిపిస్తే చెయ్యి ఊపకండి, గట్టిగా మాట్లాడండి. విప్పిన తోక ఈకలు అడ్డం పెట్టుకుని పాకుతూ పోయే పద్ధతి వీడియోల్లో బాగుంటుంది, పబ్లిక్ ల్యాండ్‌లో అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

పురుగుల సంగతి మరిచిపోకండి. లోన్ స్టార్ అనే గోమారి మిస్సోరిలో విపరీతం, అది కుడితే కొందరికి ఆల్ఫా గాల్ అనే అలర్జీ వస్తుంది, దాంతో మటన్, బీఫ్, పోర్క్ ఏది తిన్నా కొన్ని గంటలకి ఒళ్లంతా దద్దుర్లు, ముదిరితే ఊపిరాడక ఆసుపత్రి. కోడి, టర్కీ, చేప తినొచ్చు. ఇక మటన్ బిర్యానీ లేని బతుకు ఊహించుకోండి. బట్టలకి పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టుకుని, ప్యాంటు సాక్సులోకి దోపుకుని వెళ్లండి, ఫ్యాషన్ సంగతి తర్వాత.

ఈ రెంటికీ మధ్యలో సెమీ గైడెడ్ అని ఒకటుంది, టెక్సస్ వాళ్లకి నేను ఎక్కువగా చెప్పేది ఇదే. రాంచ్ వాళ్లది, మ్యాప్ ఇస్తారు, పక్షులు ఎక్కడ పడుకుంటున్నాయో చూపిస్తారు, మిగతాదంతా మీ తంటా. రేటు చాలా తగ్గుతుంది, భూమి దొరుకుతుంది, పని కూడా వస్తుంది. ఒకసారి గైడ్‌తో వెళ్లొచ్చిన వాళ్లకి రెండో ఏడు ఇంతకన్నా మంచి బేరం లేదు. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల లాటరీ వేటలు కూడా ఉన్నాయి, కొన్ని డాలర్లతో దరఖాస్తు పెట్టుకోవచ్చు, వస్తే అదృష్టం, రాకపోతే పోయేదేం లేదు. పిల్లలకి 9 నుంచి 17 ఏళ్ల మధ్య ఉంటే టెక్సస్ యూత్ హంటింగ్ ప్రోగ్రాం చూడండి. వాలంటీర్ గైడ్లు దగ్గరుండి నేర్పుతారు, ఖర్చు క్యాంపుతో పోలిక లేదు, తల్లో తండ్రో వెంట వెళ్లాలి. పిల్లల కోసం ఖరీదైన క్యాంపు బుక్ చేయడం నాకైతే దండగనిపిస్తుంది.

వీసా మీద ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. హెచ్1బి, ఎల్1, ఎఫ్1 లాంటి నాన్ ఇమ్మిగ్రంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వాళ్లకి ఈ గొడవ లేదు. క్యాంపు వాడిచ్చిన తుపాకీయే కదా అనుకోవద్దు, చేతిలోకి తీసుకున్నా లెక్కే. లైసెన్సు ముందు, తుపాకీ తర్వాత. లైసెన్సు గడువు తీరిపోయి తుపాకీ ఇంట్లో అలమరాలో ఉంటే అదీ తలనొప్పే. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడిగితే పోయేదేం లేదు.

నా తీర్పు అడిగితే ఇది. టెక్సస్‌లోనే వేటాడాలి, ఒక్క వారాంతమే సెలవుంది అంటే క్యాంపుకే డబ్బు కట్టండి, ఇద్దరు మిత్రులు కలిసి ఒక గైడ్‌ని తీసుకోవడం కన్నా ఒకరికి ఒక గైడ్ దొరికే చోటు చూడండి, రోజు తగ్గినా పర్వాలేదు. అయిదారు పొద్దులు వరసగా పెట్టగలిగితే, ఆరేడు గంటలు డ్రైవింగ్‌కి బద్ధకం లేకపోతే, మొదటిసారైనా సరే మిస్సోరికి పొండి. పబ్లిక్ ల్యాండ్‌లో అక్కడ మధ్యాహ్నం 1 గంటకి ఆపేయాలి, కొడితే ఆ రాత్రి 10 లోగా ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో నమోదు చేయాలి, రూల్స్ మాత్రం ఆ ఏడాది పుస్తకంలో చూసుకోండి. ఒక చిట్కా: పొద్దున అరిచి అరిచి పెట్టలతో వెళ్లిపోయిందని ఎనిమిదింటికే క్యాంపు సర్దేయకండి. తొమ్మిది పది దాటాక పెట్టలు గూళ్లకి పోతాయి, మగది ఒంటరిదవుతుంది. ఆ టైమ్‌కి పికప్‌లు కూడా వెళ్లిపోయి ఉంటాయి.

క్యాంపు బుక్ చేసేవాళ్లు ఫోన్‌లోనే కొన్ని అడగండి. గైడ్‌కి ఎంతమంది, సీజన్‌లో మీ వారం ఎన్నోది, ఆ గడ్డి నేల మీద అప్పటికి ఎంతమంది కూర్చుని వెళ్లి ఉంటారు (చివరి వారం చవగ్గా ఇస్తున్నారంటే కారణం ఇదే), వాన పడితే ఏం చేస్తారు, భోజనంలో బ్రిస్కెట్ (బీఫ్) కాకుండా ఇంకేమైనా ఉందా. పక్షిని శుభ్రం చేసి ఇస్తామంటే ఇంకో మాట గట్టిగా చెప్పండి. చాలామంది రొమ్ము మాంసం తీసి మిగతాదంతా పడేస్తారు, కాళ్లు గట్టిగా ఉంటాయి, ఎవరూ తినరని. మనకు అసలు రుచి అక్కడే కదా. కాళ్లు, తొడలు, కందనకాయ అన్నీ కవర్లో కట్టి ఇమ్మనండి, నాటుకోడి పులుసు పెట్టినట్టే పెట్టి కుక్కర్‌లో మామూలు కన్నా రెట్టింపు విజిల్స్ రానివ్వండి. తుపాకీ గుళ్లు పళ్ల కింద పడకుండా ముక్కల్ని ముందే వేళ్లతో తడిమి చూసుకోండి.