సుద్దపొడి పట్టిచ్చిన ఫౌళ్లు: తిరుపతిలో పది రోజుల బాస్కెట్‌బాల్ శిబిరం

మొన్న మే నెలలో తిరుపతిలోని ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రం కాలేజీ జట్ల కోసం పది రోజుల బాస్కెట్‌బాల్ శిబిరం నిర్వహించింది. చిత్తూరు నుంచి మా డిగ్రీ కాలేజీ జట్టును, అంటే పన్నెండు మంది కుర్రాళ్లను, నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. తలకు రెండున్నర వేల రూపాయల రుసుము, బస, భోజనం ఖర్చు వేరు. శిబిరం అంతా ఒకే విషయం చుట్టూ తిరిగింది: రిఫరీలు ఫౌళ్లను కఠినంగా ఇస్తున్న ఈ రోజుల్లో, చెయ్యి వేయకుండా డిఫెన్స్ ఆడటం ఎలా? లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున కేంద్రం పేరు రాయడం లేదు. అక్కడ నేర్చుకున్నది మాత్రం జిల్లాలో కాలేజీ జట్లను చూసుకునే ప్రతి పీడీకీ (ఫిజికల్ డైరెక్టర్‌కూ) ఉపయోగపడుతుందనే నమ్మకంతో వివరంగా రాస్తున్నాను.

మేము అక్కడికి వెళ్లడానికి కారణం నిరుడు ఓడిపోయిన ఒక మ్యాచ్. మూడో క్వార్టర్ సగానికి తొమ్మిది పాయింట్ల ఆధిక్యంలో ఉన్న జట్టు, చివరి క్వార్టర్ మొదలయ్యేసరికి ముగ్గురు ప్రధాన ఆటగాళ్లను అయిదేసి ఫౌళ్లతో (అయిదు పడితే ఇక ఆడనివ్వరు) బెంచ్ మీద కూర్చోబెట్టుకుంది. ఆ తరువాత ఏం జరిగిందో చెప్పనక్కరలేదు. రిఫరీలు మా మీద కక్ష కట్టారని పిల్లలు అన్నారు, ఆ సాయంత్రం నేనూ కాదనలేదు. కానీ తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని ఫోనులో వీడియో ఆపి ఆపి చూసినప్పుడు, మా గార్డు (బంతిని ముందుకు నడిపించే ఆటగాడు) ఎడమచెయ్యి ప్రతిసారీ ఎదుటివాడి నడుము మీదే ఉండటం కనిపించింది. నెట్టడం లేదు, లాగడం లేదు, ఊరికే ఆనించి ఉంచాడు. మన దగ్గర తరాలుగా డిఫెన్స్ నేర్పించిన పద్ధతే అది. ఎదుటివాడు ఎటు కదులుతున్నాడో కంటికంటే ముందు అరచేతికి తెలుస్తుందని నాకు నేర్పిన గురువులు చెప్పారు, నేను వీళ్లకు చెప్పాను. అంటే ఆ ఫౌళ్లలో సగం నావే.

మొదటి రోజు తెల్లవారుజామున అయిదున్నరకు కోర్టు మీద అడుగుపెట్టేసరికి శిక్షకుడు ఒక ప్లాస్టిక్ బకెట్ నిండా సుద్దపొడి పెట్టుకుని నిలబడి ఉన్నారు. డిఫెన్స్ ఆడేవాళ్లందరూ రెండు అరచేతులూ అందులో ముంచాలి. బంతితో వచ్చేవాళ్లు ముదురు నీలం బనియన్లు వేసుకోవాలి. కోర్టు పొడవునా ఒకరిమీద ఒకరు, ఒక్కొక్క జతకు మూడు నిమిషాల ఆట. ఈల ఊదడానికి ఎవరూ లేరు. ఆట అయ్యాక నీలం బనియన్ల వాళ్లను వరుసగా నిలబెట్టి, వీపు మీద, నడుము మీద, భుజాల మీద తెల్ల మచ్చలు లెక్కపెట్టించారు. నిరుడు అయిదు ఫౌళ్లతో వెళ్లిపోయిన మా గార్డు ఎదురుగా ఆడిన కుర్రాడి మీద పదకొండు మచ్చలు తేలాయి. వాటిలో ఒకటి నడుము పక్కన అయిదు వేళ్లూ విడివిడిగా కనబడేంత స్పష్టంగా పడింది. వాడు దాన్ని చూసి, "నేను అన్నిసార్లు తాకలేదు సార్" అన్నాడు. శిక్షకుడు కోప్పడలేదు. "తాకినావని నీకే తెలీలేదు గదా నాయనా, అదే అసలు సంగతి. చెయ్యి గాదు, కాళ్లు కదలాల" అన్నారు. నేను ఏడాది పాటు అరిచి చెప్పినా ఎక్కనిది ఆ వేలిముద్రలతో వాడికి ఎక్కింది. పదో రోజున అదే జత మళ్లీ ఆడితే మచ్చలు మూడు.

ఈ ఒక్క సాధన కోసమైనా శిబిరానికి పెట్టిన డబ్బు గిట్టుబాటు అయిందని నా అభిప్రాయం. దీని తరువాత వచ్చినవన్నీ, అంటే చేతుల్లో తువ్వాలు అడ్డంగా పట్టుకుని పక్కకు జారుతూ కాపలా కాయడం, వాలుగా దూకడం మాని నిటారుగా పైకి ఎగిరి షాట్‌ను అడ్డుకోవడం వంటివి, మరోచోట కూడా నేర్పుతారు. కానీ తాకుతున్నామన్న స్పృహే లేని చేతికి ఆ స్పృహ తెప్పించడం ఇక్కడే చూశాను.

సాయంత్రాలు గంటసేపు తరగతి ఉండేది. నియమాల చరిత్రను ఇంత చక్కగా చెప్పగా నేను వినలేదు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటకు రాసిన పదమూడు నియమాల్లోనే భుజంతో గుద్దడం, పట్టుకోవడం, నెట్టడం, కాలు అడ్డుపెట్టడం, కొట్టడం నిషిద్ధమని ఉంది. రెండోసారి తప్పు చేసినవాడు తరువాతి గోల్ పడేవరకు బయట ఉండాలన్నదీ అందులోదే. కాబట్టి ఇప్పుడు రిఫరీలు కొత్తగా ఏదో కఠినమైన నియమం తెచ్చారని అనడం సరికాదు. మధ్యలో దశాబ్దాలపాటు చూసీ చూడనట్లు వదిలేసినదాన్ని మళ్లీ చూడటం మొదలుపెట్టారని అనాలి. మనం ఆడే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమావళి కూడా ప్రత్యర్థిని పదేపదే చేతితో తాకడం ఫౌల్ అనే చెబుతుంది. అది మొరటు ఆటకు దారితీస్తుందన్న కారణమూ చూపుతుంది.

అమెరికా కాలేజీ ఆట ఉదాహరణ మీద రెండు సాయంత్రాలు గడిపారు. అక్కడ పురుషుల ఆటలో 2012-13 సీజన్‌లో ఒక్కో జట్టు సగటున మ్యాచ్‌కు 67.5 పాయింట్లే చేసింది. మూడు దశాబ్దాల్లో అంత తక్కువ స్కోరు లేదు. పట్టుకోవడం, ముంజేత్తో అడ్డడం, నడుము మీద చెయ్యి ఉంచడం మామూలైపోయి ఆట బిగుసుకుపోయిందని గ్రహించి, 2013-14లో నాలుగు రకాల తాకిడిని తప్పనిసరిగా ఫౌల్‌గా ఇవ్వాలని నియమంలోకి చేర్చారు: బంతి ఉన్నవాడి మీద చెయ్యి గానీ ముంజెయ్యి గానీ ఆనించి ఉంచడం, రెండు చేతులూ వేయడం, పదేపదే చేతితో పొడవడం, అడ్డంగా చెయ్యి చాపి దారి కట్టడం. ఆ ఏడాది స్కోరు సుమారు 71కి పెరిగింది. అయితే సీజన్ సాగేకొద్దీ ఈలలు తగ్గాయన్న ఫిర్యాదులు వచ్చాయి, మరుసటి ఏడాది సగటు మళ్లీ 68 లోపుకు జారింది. 2015-16లో షాట్ క్లాక్‌ను, అంటే బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి ఇచ్చే గడువును, 35 సెకన్ల నుంచి 30కి తగ్గించి, బుట్ట కింద ఛార్జింగ్ ఫౌల్ (బంతితో దూసుకొచ్చి డిఫెన్స్ ఆటగాణ్ని గుద్దినందుకు ఇచ్చేది) ఇవ్వని అర్ధవృత్తాన్ని మూడు అడుగుల నుంచి నాలుగు అడుగులకు పెంచి, చేతుల విషయంలో పట్టు మళ్లీ బిగించాకే స్కోరు 70 దాటి నిలబడింది.

ఈ కథ నుంచి శిక్షకుడు తీసిన సారం, నేను పూర్తిగా ఒప్పుకునేది, ఏమిటంటే: కఠినంగా ఫౌళ్లు ఇస్తే డిఫెన్స్ చచ్చిపోదు, చేతుల్లో నుంచి పాదాల్లోకి దిగుతుంది. కానీ ఆ మార్పుకు సమయం కావాలి, ఆ సమయమంతా ఈల ఒకే తీరుగా మోగాలి. మొదటి నిమిషంలో ఫౌల్ అయినది చివరి నిమిషంలో కూడా ఫౌల్ కావాలి. సీజన్ మొదలయ్యే నవంబరులో ఫౌల్ అయి ఫిబ్రవరిలో కాకుండా పోతే, ఆటగాడు పాదాలు మార్చుకోడు, రిఫరీ ఎప్పుడు మెత్తబడతాడా అని కాచుకుంటాడు.

మా ఆటలో వచ్చిన మార్పులు కూడా రాయాలి. శిబిరం చివరి రెండు రోజులు బయటి నుంచి ఇద్దరు రిఫరీలను పిలిపించి, చెయ్యి తగిలితే చాలు ఈల ఊదే పద్ధతిలో పూర్తి మ్యాచ్‌లు ఆడించారు. మొదటి మ్యాచ్ చూడటానికి బాగోలేదు. అడుగడుగునా ఆగింది, రెండో క్వార్టర్ నాలుగో నిమిషానికే మా జట్టుకు ఆ క్వార్టర్‌లో అయిదో ఫౌల్ పడి, అక్కడి నుంచి ప్రతి డిఫెన్స్ ఫౌల్‌కూ ఎదుటివాళ్లకు రెండేసి ఫ్రీ త్రోలు. అప్పుడు అర్థమైన మొదటి విషయం, ఫ్రీ త్రోలను మేము ఎంత నిర్లక్ష్యం చేశామో అన్నది. రెండోది బెంచ్. ఏడుగురితో మ్యాచ్ లాగేయడం మాకు అలవాటు. పదోవాడికి కూడా అయిదు నిమిషాలు ఆడగల సత్తా ఉండాలని ఆ రోజు తెలిసింది. మూడోది, సన్నగా, వడిగా ఉండే మా రెండో గార్డు ఒక్కసారిగా జట్టులో ముఖ్యుడైపోయాడు. నిరుడు వాడు బంతితో లోపలికి చొరబడినప్పుడల్లా ఎవరో ఒకరు నడుము పట్టి నిలిపేసేవారు. ఆ చెయ్యి లేకపోయేసరికి వరుసగా నాలుగుసార్లు బోర్డు కిందిదాకా వెళ్లి లేఅప్ వేసి వచ్చాడు. బలం ఉన్నవాడికీ వేగం ఉన్నవాడికీ మధ్య ఆట ఎటు మొగ్గాలన్నది చివరికి ఈలే నిర్ణయిస్తుందని నాకు కళ్లారా కనిపించిన క్షణం అది. రెండో రోజు మ్యాచ్‌లో రెండు జట్లూ జోన్ డిఫెన్స్‌కు మారిపోయాయి. తాకితే ఫౌల్ అన్న భయం ఉన్నప్పుడు ఒక్కొక్కరిని వెంటాడటం కంటే చోటును కాచుకోవడమే మేలని ఏ జట్టుకైనా తోస్తుంది. ఇది మంచిదా అంటే, కాలేజీ వయసులో ఎదిగే పిల్లలకు ఒకరిమీద ఒకరు కాయడం వచ్చి తీరాలి, జోన్ వెనుక దాక్కోవడం అలవాటు కాకూడదని నా ఆలోచన. శిక్షకుడు దీని గురించి ఏమీ చెప్పకపోవడం నిరాశ కలిగించింది.

మిగతా లోపాలు. అమెరికా వీడియోలు చూపించినప్పుడు అక్కడి నియమానికీ మనదానికీ తేడాలు స్పష్టంగా విడదీయలేదు. అక్కడ పురుషుల మ్యాచ్ ఇరవయ్యేసి నిమిషాల రెండు భాగాలు, ఒక భాగంలో ఏడో టీమ్ ఫౌల్ నుంచి మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది, పదో ఫౌల్ నుంచి నేరుగా రెండు. మనకు పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు, ప్రతి క్వార్టర్‌కూ లెక్క మళ్లీ మొదలు, అయిదో ఫౌల్ నుంచి రెండు. ఈ తేడా వల్ల వ్యూహమే మారుతుంది. మనకు ప్రతి పది నిమిషాలకూ పలక తుడిచినట్లవుతుంది, వాళ్లకు ఇరవై నిమిషాలూ భారం పెరుగుతూనే ఉంటుంది. మా పిల్లల్లో ఇద్దరు రెండింటినీ కలిపేసుకుని మూడు రోజులు వాదులాడుకున్నారు. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి రాసి తెలుగులో ఒక్క కాగితం ఇచ్చి ఉంటే సరిపోయేది.

బుట్ట కింద ఆడే పొడుగువాళ్లకు శిబిరంలో దక్కింది తక్కువ. వీపు ఆనించి చోటు కోసం పెనుగులాడేటప్పుడు ఎంతవరకు న్యాయం, ఎక్కడి నుంచి ఫౌల్ అన్నదే కాలేజీ ఆటలో అన్నిటికంటే చిక్కు ప్రశ్న, సుద్దపొడి దానికి జవాబు చెప్పలేదు. పది రోజుల్లో ఒక్క పూట దానికి కేటాయించారు. మా సెంటర్ ఆటగాడు ఎలా వెళ్లాడో అలాగే తిరిగి వచ్చాడు. కోర్టు సిమెంటుది, పగుళ్లు పూడ్చారు గానీ ఎనిమిదిన్నర దాటితే కాలు పెట్టలేనంత వేడి. పాదాలతో ఆడే డిఫెన్స్ నేర్పే చోట నేల ఎంత ముఖ్యమో నిర్వాహకులకు నేను చెప్పవలసిన పని లేదు. తాగునీటికి లోటు చేయలేదు, సమయానికి మొదలుపెట్టి సమయానికి ముగించారు.

అన్నిటికంటే పెద్ద లోటు రిఫరీలను చివరి రెండు రోజులకే పరిమితం చేయడం. ఒకే తీరు ఈల గురించి రెండు సాయంత్రాలు చెప్పినవాళ్లు ఎనిమిది రోజులు ఈలే లేకుండా ఆడించారు. సుద్ద తాకిడిని మాత్రమే చూపుతుంది, ఆ తాకిడి వల్ల ఎదుటివాడికి నష్టం జరిగిందా లేదా అన్నది చూపదు. ఆ తేడా రిఫరీ నోట వినాలి, ఆటగాడు వెళ్లి మర్యాదగా అడిగి తెలుసుకోవాలి. చివరి రోజు ఒక రిఫరీ విరామంలో మా గార్డును పిలిచి, "నువ్వు బంతి కోసం చెయ్యి చాపినప్పుడు నేను ఈల ఊదలేదు, తప్పించుకున్నవాణ్ని వెనక నుంచి ఆపినప్పుడు ఊదాను, గమనించావా?" అని అడిగారు. ఆ రెండు నిమిషాల మాటలు పదిరోజులూ దొరికి ఉంటే ఎంత బాగుండేది.

తిరిగి వచ్చాక చిత్తూరులో ఆడిన మూడు స్నేహపూర్వక మ్యాచ్‌లలో మా ఫౌళ్లు వరుసగా పంతొమ్మిది, పదహారు, పదిహేడు. నిరుడు ఓడిన మ్యాచ్‌లో ఇరవై ఏడు. ఎవరూ అయిదు ఫౌళ్లతో బయటకు పోలేదు. రెండు గెలిచాం, ఒకటి ఓడాం. ఓడిన మ్యాచ్‌లో రిఫరీ రెండో సగంలో చేతుల తాకిడిని పట్టించుకోవడం మానేశాడు, అవతలి జట్టు హాయిగా పట్టుకుని ఆడింది, మా పిల్లలు మాత్రం చేతులు దూరంగానే ఉంచుకున్నారు. ఏం చేయాలి సార్ అని అడిగారు. పాదాలనే నమ్ముకోమన్నాను.

గార్డులు, ఫార్వర్డులు ఎక్కువగా ఉన్న జట్లు తప్పకుండా వెళ్లవచ్చు. పొడుగువాళ్ల మీద ఆధారపడే జట్లు ముందుగా నిర్వాహకులతో మాట్లాడి వాళ్లకు ప్రత్యేకంగా సమయం కావాలని అడగడం మంచిది. పదిమంది కంటే తక్కువతో వెళితే చివరి మ్యాచ్‌లలో ఇబ్బంది పడతారు. ముదురు రంగు బనియన్లు మనిషికి రెండేసి వెంట తీసుకువెళ్లండి. తెల్లవాటి మీద సుద్ద కనబడదు, తడిసినదాని మీద నిలవదు.