ఆఫీసులో వేధింపు: రాజీనా, విచారణా?

బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగం చేసే మన తెలుగు అమ్మాయిలకు ఆఫీసులో లైంగిక వేధింపు ఎదురైతే, 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఇంటర్నల్ కమిటీ (ఇలాంటి ఫిర్యాదులు వినే ఆఫీసు కమిటీ) దగ్గర రెండు దారులుంటాయి: రాజీ, విచారణ.

రాజీ త్వరగా తేలుతుంది. క్షమాపణ రాసివ్వడం, టీమ్ మారడం లాంటి షరతులు పెట్టుకోవచ్చు. అయితే రాజీ కావాలని అడగాల్సింది బాధితురాలే. "ఎందుకమ్మా గొడవ, సర్దుకుపో" అని మేనేజర్ నచ్చజెబితే అది రాజీ కాదు, ఒత్తిడి. డబ్బు లెక్కన రాజీ కుదర్చడానికి చట్టం ఒప్పుకోదు. రాజీ కుదిరాక విచారణ ఉండదు. అవతలివాడు షరతు తప్పాడని ఆమె కమిటీకి చెబితేనే మళ్లీ విచారణ దారి తెరుచుకుంటుంది.

విచారణకు 90 రోజుల గడువు. ఇద్దరి మాటా వినాలి, సాక్షులను పిలవాలి. ఆరోపణ వచ్చిన వ్యక్తికి ఫిర్యాదు కాపీ ఇచ్చి, జవాబుకు 10 పనిదినాలు ఇవ్వాలి. ఇది ఉండాల్సిందే, లేకపోతే నివేదిక నిలబడదు. అసలు టెన్షన్ ఈ మూడు నెలలదే. పక్క సీట్లో అతనే, స్టాండప్ మీటింగ్‌లో అతనే, అప్రైజల్ (పనితీరు అంచనా) రాసేదీ అతనే కావచ్చు. అందుకే బదిలీ గానీ, మూడు నెలల వరకు సెలవు గానీ, అప్రైజల్ వేరొకరికి అప్పగించమని గానీ కమిటీని రాతపూర్వకంగా అడగొచ్చు. ఇది చాలామందికి తెలియదు, అడగరు.

ఒక్క వెకిలి మాటతో ఆగిన చోట, ఆమెకు ఇష్టమైతే రాజీ చాలు. చేయి వేసినా, ప్రమోషన్ చూపించి బెదిరించినా విచారణే సరైనదని నా అభిప్రాయం. ఏదైనా సరే, ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాసివ్వాలి, చాట్‌ల స్క్రీన్‌షాట్లు ముందే దాచుకోవాలి.