పద్దెనిమిది నిండిన పిల్లలకు ఎల్‌ఎల్‌ఆర్: రవాణా శాఖ సేవపై సమీక్ష

ఇటీవల మా అమ్మాయికి లెర్నర్ లైసెన్సు, అంటే మనందరం ఎల్‌ఎల్‌ఆర్ అని పిలుచుకునే పత్రం, తీయించాము. మేముండేది ఆంధ్రప్రదేశ్‌లోని ఒక జిల్లా కేంద్రంలో. దరఖాస్తు మొదలు పరీక్ష వరకు ఈ సేవ నాకు బాగా నచ్చింది. అయితే లైసెన్సు చేతికి వచ్చిన మరుక్షణం నుంచి నేర్చుకునే పిల్లలను పూర్తిగా వారి మానానికి వారిని వదిలేస్తున్నారు. ఈ లోపం చిన్నది కాదు.

దరఖాస్తు అంతా కేంద్ర ప్రభుత్వపు సారథి పోర్టల్‌లోనే పూర్తవుతుంది. ఆధార్, వయసు రుజువుగా పదో తరగతి మార్కుల మెమో, ఆరోగ్యం గురించి మనమే ఇచ్చుకునే ఫారం-1 ధ్రువీకరణ ఉంటే సరిపోతుంది. గేరున్న మోటార్ సైకిల్‌కు, కారుకు ఒకే దరఖాస్తులో అడగవచ్చు. కేంద్ర నిబంధనల ప్రకారం ఒక్కో తరగతి వాహనానికి రుసుము 150 రూపాయలు, పరీక్షకు 50 రూపాయలు. రాష్ట్రం తీసుకునే సేవా రుసుము వీటికి అదనం. ప్రమాదంలో మరణిస్తే అవయవదానానికి సమ్మతమేనా అని కూడా ఈ దరఖాస్తులోనే అడుగుతారు. పద్దెనిమిదేళ్ల పిల్లల ముందు ఆ ప్రశ్న ఉంచడం నాకు సరైనదే అనిపించింది. మా ఇంట్లో దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్న తరువాతే అమ్మాయి తన జవాబు నమోదు చేసింది.

పరీక్షకు స్లాట్ తీసుకుని కార్యాలయానికి వెళ్లి, కంప్యూటర్ ముందు కూర్చుని జవాబులు గుర్తించాలి. ప్రశ్నలు తెలుగులో కావాలంటే తెలుగులోనే వస్తాయి. అరవై శాతం సరిగా రాస్తే ఉత్తీర్ణులే. గుర్తులు, సిగ్నళ్లతో పాటు, ప్రమాదం జరిగి ఎవరికైనా గాయాలైతే డ్రైవరు చేయవలసినదేమిటి, కాపలా లేని రైల్వే గేటు దాటేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేమిటి, బండిలో ఏయే పత్రాలు ఉంచుకోవాలి అన్నవి కూడా పాఠ్యాంశాలే. మన పిల్లల్లో చాలామంది రోడ్డు నిబంధనలను వరుసగా కూర్చుని చదివే సందర్భం జీవితంలో ఇదొక్కటే. అందుకే ఏజెంటు చేతిలో డబ్బు పెట్టి ఈ ఘట్టాన్ని ఏదో ఒకలా దాటించాలనుకునే తల్లిదండ్రులతో నేను ఏకీభవించలేను. అక్కడ ఖర్చు అసలు రుసుముకు ఎన్నో రెట్లవుతుంది. అంతకంటే పెద్ద నష్టం, చదవవలసిన వారు చదవకపోవడం. పోర్టల్‌లో ఫారం నింపడానికి ఇంటర్ చదివిన పిల్లలకు ఎవరి సాయమూ అక్కరలేదు.

ఇక లోపం సంగతి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన ముప్పై రోజుల తరువాతే పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. ఈ మధ్యకాలమంతా సాధన కోసమే. సాధన చేసేటప్పుడు బండికి ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండాలని, లైసెన్సున్న శిక్షకుడు పక్కన ఉండాలని, మోటార్ సైకిల్ మీదైతే ఆ శిక్షకుణ్ణి తప్ప మరెవరినీ ఎక్కించుకోకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. మేము వెళ్లిన కార్యాలయంలో ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. ఎల్‌ఎల్‌ఆర్ రాగానే స్నేహితురాలిని వెనక ఎక్కించుకుని కాలేజీకి వెళ్లిపోవచ్చని పిల్లలు అనుకుంటే అందులో వింతేముంది? పరీక్ష పాసైన వారిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఏ రోడ్డు మీద మొదలుపెట్టాలి, రాత్రి వేళ, వానలో ఎందుకు వద్దు, వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ ఎందుకు తప్పనిసరి అని పావుగంట చెప్పినా ఈ సేవ విలువ ఎంతో పెరుగుతుంది.

పదహారేళ్ల పిల్లల విషయం వేరుగా చెప్పాలి. తల్లిదండ్రుల లిఖితపూర్వక సమ్మతితో, 50 సీసీ మించని, గేర్లు లేని బండికి మాత్రమే వారికి ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు. ఒకప్పటి లూనా లాంటి మోపెడ్లకు ఆ హద్దు సరిపోయేది. ఇప్పుడు ఇళ్లలో ఉన్న స్కూటర్లు దాదాపు అన్నీ వంద సీసీ దాటినవే కనుక, ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు ఈ అవకాశం కాగితం మీదే మిగిలింది. వారి చేతికి ఇంట్లోని స్కూటర్ తాళాలు ఇస్తే, మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షను కింద తల్లిదండ్రులకు గానీ యజమానికి గానీ మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది. పిల్లలకు ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లెర్నర్ లైసెన్సు కూడా దొరకదు. ట్యూషన్ దగ్గరే కదా అని బండి ఇచ్చే పెద్దలు ఈ చివరి మాటైనా గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోదలచినవారు సెలవుల ఆరంభంలో దరఖాస్తు చేసుకుంటే సాధనకు వ్యవధి దొరుకుతుంది. ముప్పై రోజులు నిండగానే పరీక్షకు పరుగెత్తనక్కరలేదు. చేయి కుదిరాకే స్లాట్ తీసుకోండి. ఆరు నెలల గడువు దాటితే మాత్రం మళ్లీ కొత్త ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవలసి వస్తుంది.