బోర్డు లేని షెడ్డులో మా హెరాల్డ్ ఇంజన్ పని, అయిదు నెలల తర్వాత రాస్తున్న రివ్యూ

విజయనగరంలో పాత కార్ల ఇంజన్ నమ్మకంగా ఎవరు చేస్తారని ఈమధ్య ముగ్గురు అడిగారు, ముగ్గురికీ ఫోన్లో అదే కథ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, అందుకే ఇక్కడ రాసి పడేస్తున్నా. షాపుకి పేరు లేదు, బోర్డు లేదు, రింగ్ రోడ్డు వైపు లారీ టైర్ల కొట్టు పక్క సందులో రేకుల షెడ్డు. బయట ఎప్పుడు చూసినా ఓ ట్రాక్టర్ ఇంజన్ విప్పేసి పడుంటుంది, అదే గుర్తు. మేస్త్రికి అరవై దాటుంటాయి, సాలూరులో లారీ ఇంజన్ల దగ్గర పని నేర్చుకుని వచ్చినాయన. సొంత లేతు, బోరింగ్ మిషను, ఇద్దరు గుంటలు, ఒక రేడియో, అంతే.

బండి మా మావయ్యది. స్టాండర్డ్ హెరాల్డ్, రెండు డోర్లది, మద్రాసు స్టాండర్డ్ కంపెనీ 948 సిసి. నేను దీన్ని స్పోర్ట్స్ కార్ల చుట్టం అంటుంటా, "ఇది స్పోర్ట్స్ కారేటి" అని నవ్వేవాళ్లుంటారు, తెలుసు. ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్లు 1962లో స్పిట్‌ఫైర్ అని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు వదిలారు కదా, దాని ఛాసీ ఈ హెరాల్డ్ ఛాసీని కురచ చేసిందే, ఇంజన్ ఇదే వంశం, రెండు బళ్ల డిజైనూ ఆ ఇటలీ మికెలోట్టిదే. అంచేత మాది స్పోర్ట్స్ కారు కాకపోయినా దానికి అన్నయ్య.

రెండేళ్ల కిందట ఓ గ్యారేజీలో (ఏ ఊరో చెప్పను) ఫుల్ ఇంజన్ చేయించాం, చేయించిన ఆర్నెల్లకే నీలం పొగ, వెయ్యి కిలోమీటర్లకి రెండు లీటర్ల ఆయిల్, పైగా సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కితే ఇంజన్ గొంతు మారిపోయి ఆగిపోబోయేది. ఆ మాట వాళ్లకి చెప్తే ఐడిల్ పెంచి పంపించేశారు.

ఈయన అలా కాదు. హెరాల్డ్ బానెట్ రెక్కలతో సహా మొత్తం ముందుకి పడుతుంది కదా, ఎత్తేసి ముందు టైరు మీద దర్జాగా కూచున్నాడు. "ఎక్కి క్లచ్ తొక్కు బావూ" అన్నాడు. తొక్కాను. "వదులు. మళ్లీ తొక్కు." నాలుగుసార్లయ్యాక గుంటడిని సీట్లో కూచోబెట్టి నన్ను దిగి చూడమన్నాడు. వాడు పెడల్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్ (ఇంజన్ మెయిన్ షాఫ్టు) కొసన ఉండే పుల్లీ, ఫ్యాన్ బెల్టుతో సహా, ముందుకి జరిగి వెనక్కి వస్తోంది, కంటికి కనపడేంత! డయల్ గేజ్ పెట్టి కొలిస్తే 42 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఉండాల్సింది 4 నుంచి 8.

ఈ ఇంజన్లకి వెనక మెయిన్ బేరింగ్ దగ్గర క్రాంక్ ముందుకీ వెనక్కీ జరక్కుండా అర్ధచంద్రం ఆకారంలో రెండు థ్రస్ట్ వాషర్లుంటాయి, క్లచ్ నొక్కిన తోపు అంతా వాటి మీదే పడుతుంది, వాటికి గాళ్లున్న వైపు క్రాంక్ వైపు ఉండాలి. సంప్ (ఇంజన్ కింద ఆయిల్ తొట్టి) విప్పితే వెనక వాషర్ రెండు ముక్కలై ఆయిల్లో పడుంది. ముందుది ఉంది గానీ తిప్పి పెట్టేశారు, గాళ్లు బ్లాకు వైపు! మేస్త్రి ఏం తిట్టలేదు, దాన్ని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టి, "ఇంకో నెల తిరిగుంటే బ్లాకు అరిగిపోను, దీనికి మందు నేదు" అన్నాడంతే. ఇప్పటికీ అది నా టేబుల్ మీద ఉంది, పాత గ్యారేజీ గుర్తొచ్చినప్పుడల్లా చూసుకుంటా.

ఇక నా ఆశ. ఎలాగూ విప్పాం కదా, బోర్ కొట్టించి, అంటే సిలిండర్లు వెడల్పు చేయించి, స్పిట్‌ఫైర్ లాగా 1147 సిసి చేసీమన్నాను. మాది 63 మిల్లీమీటర్ల బోరు, దానిది 69.3. "అంత తీసీస్తే గోడలెక్కడుంటాయి బావూ, సిలిండర్లోకి నీల్లొచ్చీవి" అని కొట్టిపారేశాడు. డబ్బులొస్తాయి కదా అని సరే అనేవాళ్లనే చూశాను ఇన్నాళ్లూ, వద్దన్నవాణ్ని ఇక్కడే చూశా. చివరికి 40 సైజుకి (40 థౌ పెంచడానికి) ఒప్పుకున్నాడు, అంటే 64 మిల్లీమీటర్లు, లెక్కేస్తే 978 సిసి. క్రాంక్ 20 థౌ గ్రైండింగ్, కొత్త మెటల్స్ (బేరింగులు), ఓవర్ సైజు థ్రస్ట్ వాషర్లు. పిస్టన్లు, వాషర్లు, పాకింగ్ సెట్టు ఇంగ్లండు నుంచి తెప్పించాం, కస్టమ్స్ డ్యూటీ చూసి మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు.

హెడ్డు పని మాత్రం పాత బండి ఉన్న ఎవరైనా చేయించుకోవాలి. ఈ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోల్‌కి చేసినవి, మన దగ్గర 2000 నుంచి ఆ పెట్రోలే లేదు, సీసం లేకపోతే ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు మెల్లగా హెడ్డులోకి అరిగిపోతాయి. నాలుగింటికీ గట్టి స్టీలు సీట్లు వేశాడు. పెట్రోల్ పంపు డయాఫ్రం, పైపులు కూడా మార్పించాం, ఇప్పుడొస్తున్న ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బరు మెత్తబడిపోతోంది. స్పార్కు తెప్పించే పాత పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాం, దానికోసం బేటరీ కనెక్షన్ తిప్పాల్సొచ్చింది, ఎందుకంటే ఈ బండికి మొదట్నుంచీ పాజిటివే బాడీకి ఉంది.

అసలు మజా కార్బురేటర్లది. ఉన్న ఒక్క సోలెక్స్ కార్బురేటర్ తీసేసి పాత అంబాసిడర్ల ఎస్‌యు కార్బురేటర్లు రెండు తుక్కులో సంపాదించి, వాటికి మేనిఫోల్డు లేతు మీద తనే చేశాడు. వాటిలో పెట్రోల్ కొలత చూసే నీడిల్స్ వేరేవి వేయాల్సొచ్చింది, అది ఇంకో మూడు వారాలు. రెండూ సమానంగా గాలి లాగాలి కదా, మిషనేం లేదు, జానెడు రబ్బరు గొట్టం. ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బురేటర్ నోటి దగ్గర. దీని బుస విన్నాడు, దాని బుస విన్నాడు, పావు తిప్పు స్క్రూ తిప్పాడు, మళ్లీ విన్నాడు. రేడియో కట్టేయించాడు, పక్క కొట్టువాడు సుత్తి కొడుతుంటే ఆపమని కేక పెట్టాడు. అరగంటకి గొట్టం నాకిచ్చాడు. రెండు బుసలూ ఒకటే!

ఇక తిట్లు. నెల అన్నాడు, అయిదు నెలలు పట్టింది. లారీ వస్తే మన బండి పక్కకే, అడిగితే "ఆడికి లోడుంది బావూ" అంటాడు. సిరిమాను పండక్కి వారం షెడ్డు తాళం, ముందు చెప్పడు. ఫోన్ ఎత్తడు. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు: సామాన్లు 71,000, మిషన్ పని 22,500, కూలి 30,000. కుడి డోరు మీద కొత్త గీత ఒకటి పడింది, ఎవరూ ఒప్పుకోలేదు. వెనక సీలు దగ్గర ఆయిల్ ఇంకా చుక్క చుక్క పడుతోంది, అది మాత్రం ఆయన పనితనానికి తగ్గట్టు లేదు.

రన్నింగ్ అయ్యాక మొన్న గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు వెళ్లి సుంకి ఘాట్ ఎక్కించా. ఇదివరకు సెకండ్లో మూలిగేది, ఇప్పుడు సగం మలుపులు థర్డ్‌లోనే. లారీ నుంచి పీకి పెట్టిన ఆయిల్ ప్రెషర్ మీటర్ ముల్లు పైన కూడా 50 దగ్గరే ఉంది. పైకెక్కాక బండాపి చేసిన మొదటి పని, మా అబ్బాయితో క్లచ్ తొక్కించి పుల్లీ చూడటం. కదల్లేదు.

వెళ్లేవాళ్లు పొద్దున్న పదిలోపు వెళ్లండి, ఆ తర్వాత లారీలొచ్చేస్తాయి. ఆయిల్ మనమే పట్టుకెళ్లాలి. నేను సోమవారం హెడ్ బోల్టులు మళ్లీ టైటు చేయించడానికి వెళ్తున్నా, సీలు సంగతి కూడా అప్పుడే తేల్చాలి.