వేసవి హిమానీనదంపై స్కీయింగా, శీతాకాలపు గుల్మార్గా: ఏది మేలు?

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా చెల్లెలి పెద్దకొడుకు రెండేళ్ళుగా మ్యూనిక్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. ఈ వేసవిలో తల్లిదండ్రులనూ, ఇంటర్ పూర్తిచేసిన తమ్ముడినీ అక్కడికి పిలిపించుకుని, ఓ వారం ఆల్ప్స్ పర్వతాల్లో తిప్పాలని అతని కోరిక. ప్రయాణం ఖాయమైన నాటి నుంచి చిన్నవాడు ఒకే మాట పట్టుకున్నాడు. అంత దూరం వెళ్ళి హిమానీనదం మీద స్కీయింగ్ చేయకుండా వస్తే ఏం లాభం మామయ్యా అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నాడు. స్కీయింగ్ అంటే స్కీలనే పొడవాటి పలకలు కాళ్ళకు తొడిగి మంచు వాలు మీద జారడం. నేను మొదట కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో ఒక ఫిబ్రవరిలో వారం రోజులు స్కీయింగ్ నేర్చుకుని, ఆ తర్వాత కొన్నేళ్ళకు ఒక మే నెలాఖరున ఆస్ట్రియాలోని హింటర్‌టుక్స్‌లో రెండు రోజులు చేసి వచ్చినవాణ్ణి కాబట్టి, జవాబు చెప్పవలసిన బాధ్యత నా మీద పడింది. విజయవాడ, గుంటూరుల నుంచి ఇలా పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు చాలామంది ఉన్నారు గనుక, ఆ జవాబును కాస్త వివరంగానే రాస్తున్నాను.

వేసవిలో స్కీయింగ్ అనగానే మన కళ్ళ ముందు మెదిలే దృశ్యం వేరు, అక్కడ ఉండేది వేరు. శీతాకాలంలో లోయ అడుగు దాకా పరచుకున్న మంచు మే నెలకల్లా కరిగిపోతుంది. మిగిలేది మూడు వేల మీటర్ల ఎత్తున, ఏడాదంతా కరగకుండా నిలిచే హిమానీనదం మాత్రమే. ఏడాది పొడవునా స్కీయింగ్ నడిపే చోట్లు ఆల్ప్స్‌లో రెండే ఉన్నాయి. ఒకటి ఆస్ట్రియాలోని హింటర్‌టుక్స్. అక్కడ 3,250 మీటర్ల ఎత్తు దాకా తీగబండ్లలో (రోప్‌వేలో) చేరుకోవచ్చు. రెండోది స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్. అక్కడి పై స్టేషన్ 3,883 మీటర్ల ఎత్తున ఉంది. ఇటలీలోని స్టెల్వియో కనుమ వద్ద కూడా స్కీయింగ్ ఉంది గానీ, శీతాకాలంలో కనుమ దారి మూతపడుతుంది గనుక అది వేసవిలోనూ శరదృతువులోనూ మాత్రమే తెరుస్తారు. ఈ చోట్లకు వేసవిలో వచ్చేవారిలో ఎక్కువమంది సరదాగా సెలవులు గడపడానికి వచ్చేవారు కారు. శీతాకాలపు పోటీలకు సాధన చేసే జాతీయ జట్లవారూ, క్లబ్బుల పిల్లలూను. వాలుల్లో మంచి భాగాన్ని వారి కోసం జెండాలు పాతి వేరుచేస్తారు.

అక్కడి రోజు ఎలా గడుస్తుందో తెలిస్తే సగం ప్రశ్నకు సమాధానం దొరికినట్టే. రాత్రి చలికి గడ్డకట్టిన మంచు తెల్లవారేసరికి ఐసు ఫ్యాక్టరీ దిమ్మలా గట్టిగా ఉంటుంది; స్కీ అంచు దానిలో దిగదు. ఎండ ఎక్కుతున్నకొద్దీ పై పొర మెత్తబడి, సుమారు రెండు గంటలపాటు నిజంగా హాయిగా జారుతుంది. పదకొండు దాటాక అది బండి మీద రంగునీళ్ళు పోసి ఇచ్చే ఐసు తురుములా నీరుకారి, స్కీలను పట్టి ఆపేస్తుంది. అందుకే వేసవిలో ఉదయాన్నే మొదలుపెట్టి, మధ్యాహ్నానికల్లా చాలా వాలులు మూసేస్తారు. చేయి తిరిగినవాడికి ఆ రెండు గంటలు బంగారం. మొదటిసారి బూట్లు తొడుక్కున్నవాడికి మాత్రం గట్టి దిమ్మ మీద పడుతూ లేస్తూ ఉండగానే మంచి సమయం గడిచిపోతుంది.

నేర్చుకునేవాడికి ఇంకో చిక్కు ఉంది. దాన్ని ముందుగా ఎవరూ చెప్పరు గనుక నేను చెబుతున్నాను. హిమానీనదం నిలిచి ఉన్న మంచు కాదు. నెమ్మదిగా కిందికి కదిలే మంచు. దానిలో స్తంభాలు పాతితే ఏళ్ళ తరబడి అవి పక్కకు జరుగుతూ ఉంటాయి. అందుకని కుర్చీలు వేలాడే లిఫ్టులకు బదులు, చాలాచోట్ల తిరగేసిన టీ అక్షరం లాంటి కడ్డీలు వాడతారు. ఆ కడ్డీని నడుము కింద ఆనించుకుని, స్కీల మీద నిలబడే పైకి లాగించుకుంటూ వెళ్ళాలి. కూర్చోబోతే పడతాం. హింటర్‌టుక్స్‌లో మా బృందంలోని ఒకాయన దిగే వాలు మీద పడిన దానికంటే, ఎక్కేటప్పుడు ఈ కడ్డీ నుంచి పడిన సార్లే ఎక్కువ. ఇద్దరు పక్కపక్కన ఎక్కే కడ్డీ కాబట్టి ఒకరు పడితే రెండోవారూ ఆగిపోవాలి. తొలిరోజు పిల్లవాడికి ఇది ఎంత బెరుకు పుట్టిస్తుందో ఊహించండి.

శరీరం సంగతి కూడా చూసుకోవాలి. మన విజయవాడ సముద్రమట్టానికి ఇరవై మీటర్ల లోపు ఎత్తులోనే ఉంది. అటువంటి ఊరివారు ఒకే ఉదయం తీగబండిలో 3,250 మీటర్లకు చేరితే, సముద్రతీరంలో ఉండే గాలి ఒత్తిడిలో దాదాపు మూడింట రెండు వంతులే అక్కడ దొరుకుతుంది. బరువైన బూట్లతో నాలుగడుగులు వేసేసరికి ఆయాసం వస్తుంది. కొందరికి తలనొప్పి, వికారం కలుగుతాయి. జెర్మాట్ పై స్టేషన్‌లో ఇది మరింత ఎక్కువ. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దలు వైద్యుడిని అడగకుండా వెళ్ళకూడదు. ఎండ విషయంలో మనవాళ్ళకు ఒక భ్రమ ఉంది: రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో పెరిగినవాళ్ళం, ఆ ఎండ మనల్నేం చేస్తుందని. ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు పది శాతం పెరుగుతుంది. కొత్త మంచు ఆ కిరణాల్లో ఎనభై శాతం దాకా తిప్పికొడుతుంది. అంటే ఎండ పైనుంచే కాదు, కిందినుంచి కూడా తగులుతుంది. మంచి నల్ల కళ్ళద్దాలు లేకుండా మూడు గంటలు గడిపితే, ఆ సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతుంది.

ఇక ఎప్పుడు వెళ్ళాలన్నది. మన బడులు ఏప్రిల్ చివరలో మూసి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఈ వ్యవధి హిమానీనదం మీది స్కీయింగ్‌కు నిజానికి చాలా అనుకూలం, ఎందుకంటే అప్పటికి శీతాకాలపు మంచు ఇంకా దాని మీద మందంగా కప్పుకుని ఉంటుంది. అక్కడివారు వేసవి అని పిలిచే జూలై, ఆగస్టు నెలల్లో ఆ పొర పలచబడి, తెరిచి ఉంచే వాలులు కుదించుకుపోతాయి. కాలినడక దారుల సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. ఎత్తైన బాటల మీద మే నెలలో ఇంకా మంచు ఉంటుంది. జూన్ సగం దాటాకే చాలావరకు నడవడానికి వీలవుతుంది. అంటే స్కీలు తొడిగేవాడికి మే మేలు, నడిచేవాడికి జూలై మేలు. రెండూ ఒకే వారంలో పూర్తిగా దక్కాలని ఆశపడితే రెండూ అరకొరగానే మిగులుతాయి. మా మేనల్లుడికి మే చివరికి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) అయిపోతుంది, బయలుదేరేది జూన్ రెండో వారంలో. స్కీయింగ్‌కు కాస్త ఆలస్యం, నడకకు కాస్త తొందర. అయినా ఆ రోజుల్లో లోయ అంచుల వెంట పచ్చిక మీద, కరిగిన నీళ్ళు జలపాతాలై దూకే చోట నడవడం అంటే నాకు ఎంతో ఇష్టం. ఖర్చూ తక్కువ, పడితే ఎముక విరుగుతుందన్న భయమూ తక్కువ.

ఇప్పుడు మన దేశంలోని దారి చూద్దాం. మొదట ఒక అపోహ తొలగించాలి. మే నెలలో మనాలి వెళ్ళి, అద్దె కోటూ గంబూట్లూ వేసుకుని, 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ దగ్గర రోడ్డు పక్క మంచు మీద పది నిమిషాలు స్కీల మీద నిలబడి ఫోటో దిగడం స్కీయింగ్ కాదు. పిల్లలు మంచును చేత్తో తాకి ఆనందిస్తారు, అది చాలు. దాన్నుంచి అంతకు మించి ఆశించవద్దు. పైగా అక్కడికి వాహనాలకు ముందస్తు అనుమతి కావాలి, రోజుకు ఇన్ని బండ్లేనన్న పరిమితి ఉంది.

నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవాడికి హిమాలయాలు పిలిచేది శీతాకాలంలో. కాశ్మీరీలు చిల్లాయ్ కలాన్ అని పిలిచే నలభై రోజుల గట్టి చలి డిసెంబర్ 21న మొదలై జనవరి 30 దాకా సాగుతుంది; గుల్మార్గ్ మంచు ఆ రోజుల్లో పేరుకుని మార్చి దాకా నిలుస్తుంది. ఊరు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గండోలా అనే తీగబండి మొదటి దశలో కొంగ్‌డోరి దాకా, రెండో దశలో అఫర్వాత్ కొండ మీదికి సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు తీసుకెళుతుంది. ఆ పై వాలులు ఆరితేరినవారివి. కొత్తవాడు వాటి జోలికి పోనవసరం లేదు, ఎందుకంటే ఊరి మధ్యనే, వేసవిలో గోల్ఫ్ ఆడే పచ్చిక మీద, పిల్లలు కూడా భయపడని మెత్తని వాలులు ఉన్నాయి. కేంద్ర పర్యాటక శాఖ వారి స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణ సంస్థ అక్కడే ఉంది. నాకు నేర్పిన కాశ్మీరీ యువకుడు మొదటి రెండు రోజులూ నన్ను లిఫ్టు ఎక్కనివ్వలేదు. స్కీల మొనలు దగ్గరికి, మడమలు దూరానికి పెట్టి, నాగలి మాదిరిగా మంచును దున్నుతూ ఆగడం వచ్చేదాకా అదే వాలు ఎక్కించాడు, దింపించాడు. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా సాధనకు సమయం దొరికింది. పడితే మెత్తని మంచులో పడ్డాను. అద్దె దుకాణంలో ఒక సైజు పెద్ద బూట్లు అంటగట్టడంతో మొదటిరోజు చీలమండ వాచిందన్నది తప్ప నాకు వేరే ఫిర్యాదు లేదు. బూటు బిగించాక మడమ పైకి లేవకూడదు, వేళ్ళు మాత్రం కదలాలి. ఇది కొలతగా పెట్టుకోండి.

గుల్మార్గ్‌కూ లోటుపాట్లు లేకపోలేదు. 2024 జనవరిలో నెల చివరి దాకా అక్కడ మంచు పడక, స్కీల కోసం వెళ్ళినవారు ఎండుగడ్డి చూసి వచ్చారు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో జరిగిన ఘోరం తర్వాత కాశ్మీర్ అంటే ఇంట్లో పెద్దలు వెనకాడుతున్నారు, ఆ భయాన్ని నేను తీసిపారేయలేను. అటువంటివారికి ఉత్తరాఖండ్‌లోని ఔలీ ఉంది. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల్లో స్కీయింగ్ పోటీలు జరిగిన చోటు, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ ఏడు, పద్నాలుగు రోజుల శిక్షణ నడిపే చోటు. అయితే 2023 జనవరిలో కింద ఉన్న జోషీమఠ్ నేల కుంగినప్పుడు అక్కడి రోప్‌వే ఆపేశారు, కాబట్టి దారి, వసతి ముందే వాకబు చేసుకోవాలి. మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ కూడా సోలాంగ్ లోయలో శీతాకాలపు తరగతులు నడుపుతుంది. మరో ఇబ్బంది మన ఇళ్ళలోనే ఉంది. మంచు బాగా ఉండే రోజులూ, మన సంక్రాంతి సెలవులూ ఒకేసారి వస్తాయి. భోగిమంట నాడు ఇంట్లో లేకుండా మంచు కోసం పోవడమా అని మా అమ్మ ఒప్పుకోలేదు. అందుకే నేను ఫిబ్రవరిలో వెళ్ళాను. కళాశాల విద్యార్థులకు ఫిబ్రవరిలో వారం దొరికితే అదే శ్రేష్ఠం, మంచుకు భరోసా కూడా ఎక్కువ.

ఖర్చు విషయం క్లుప్తంగా చెబుతాను. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. ఆ వీసాకు తీసుకునే ప్రయాణ బీమాలో చాలావాటికి స్కీయింగ్ గాయాలు వర్తించవు. ఆ సౌకర్యం విడిగా చేర్పించుకోవాలి, పర్వతం మీదినుంచి హెలికాప్టర్‌లో దింపితే అయ్యే ఖర్చు మన మధ్యతరగతి కుటుంబం భరించేది కాదు. లిఫ్టు టికెట్టు, స్కీలు, బూట్లు, గురువు అన్నీ కలిపి అక్కడ ఒక్కరికి రెండు ఉదయాలకు అయ్యే డబ్బుతో, ఔలీలో శిక్షణ రోజులు చాలానే గడిచిపోతాయి. చేతికి దక్కే సాధన గంటలతో లెక్కిస్తే తేడా మరీ పెద్దది.

మా చెల్లెలి కుటుంబానికి నేను చెప్పింది ఇదీ. పెద్దవాడు మ్యూనిక్‌లో రెండు శీతాకాలాలు స్కీయింగ్ చేశాడు. వాడికి హింటర్‌టుక్స్‌లో రెండు ఉదయాలు తప్పకుండా విలువైనవే, వెళ్ళనివ్వండి. చిన్నవాడూ తల్లిదండ్రులూ అదే తీగబండిలో కాస్త ఆలస్యంగా పైకి వెళ్ళి, చూసే వేదిక నుంచి చుట్టుపక్కల శిఖరాలు చూసి, హిమానీనదం కడుపులో ఉన్న మంచు గుహలోకి దిగి రావాలి. నీలం రంగు మంచు గోడల మధ్య నిచ్చెనలు దిగుతూ వెళ్ళే ఆ గంట, స్కీల మీద పడుతూ గడిపే రోజు కంటే వాడికి ఎక్కువ గుర్తుంటుందని నా నమ్మకం. మధ్యాహ్నం నుంచి లోయలో నడక. రైల్లో వెళ్ళేవారు యెన్‌బాఖ్‌లో దిగి, చిన్న పట్టాల బండిలో మాయర్‌హోఫెన్, అక్కడినుంచి బస్సులో హింటర్‌టుక్స్ చేరవచ్చు, కారు అక్కర్లేదు.

చిన్నవాడు అంతా విని ఒక ప్రశ్న వేశాడు: నేను నేర్చుకుని వచ్చేదాకా ఆ మంచు ఉంటుందా మామయ్యా? ఆ ప్రశ్న నన్ను కలతపెట్టింది. 2022, 2023 రెండేళ్ళలోనే స్విట్జర్లాండ్ హిమానీనదాలు తమ మంచులో దాదాపు పదో వంతు కోల్పోయాయి. 2022 జూలై చివర వేడికి తాళలేక జెర్మాట్‌లో సైతం వేసవి స్కీయింగ్ ఆపవలసి వచ్చింది. బొలీవియాలో 5,000 మీటర్లకు పైన స్కీయింగ్ జరిగిన చకల్తాయా హిమానీనదం 2009 నాటికి పూర్తిగా కరిగిపోయింది. వాడి చదువు అయ్యేలోపు హింటర్‌టుక్స్ మాయమైపోదు, అయితే స్కీయింగ్‌కు పనికొచ్చే రోజులు వేసవి నడిమధ్య నుంచి రెండు చివరలకూ జరుగుతున్నాయి. కాబట్టి వచ్చే ఫిబ్రవరిలో ఔలీలో పద్నాలుగు రోజుల శిక్షణకు చేరమనీ, ఆ తర్వాతి శీతాకాలంలో మరో వారం సాధన చేయమనీ, అన్న ఇంకా అక్కడే ఉంటే జూలైలో కాక మే మొదటి వారంలో హిమానీనదం ఎక్కమనీ చెప్పాను. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో వాడు నిన్న రాత్రి మళ్ళీ ఫోన్ చేసి అడిగాడు.