నాలుగు క్యాంపస్‌లు, రెండు రైళ్లు, 21 నిండని నేను

కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉండే మా పిన్నిది ఒకటే మాట. "కాలేజీల ఫొటోలన్నీ ఫోనులోనే కనపడుతున్నాయి కదమ్మా, డబ్బు తగలేసుకుని వెళ్లి చూడడం ఎందుకు?" అప్పటికి నా దగ్గర జవాబు లేదు. వెళ్లివచ్చాక ఉంది.

నేను క్యుపర్టినోలోని డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నాను. రెండేళ్లు ఇక్కడ తక్కువ ఫీజుతో చదివి, మూడో ఏడాదికి పెద్ద విశ్వవిద్యాలయంలోకి మారడం కాలిఫోర్నియాలో బాగా నలిగిన దారి. మా కనిగిరిలో చెబితే "మొదటే అక్కడ చేరవచ్చు కదా" అంటారు. యూసీఎల్‌ఏలో, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా లాస్ ఏంజిలిస్ క్యాంపస్‌లో, నేరుగా మొదటి ఏడాదికి దరఖాస్తు చేసినవారిలో నూటికి తొమ్మిది మందికే సీటు వస్తుంది. ట్రాన్స్‌ఫర్ దారిలో సుమారు నలుగురిలో ఒకరికి వస్తుంది, అలా వచ్చినవారిలో నూటికి తొంభైకి పైగా ఈ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీల వాళ్లే. ఇంజినీరింగ్‌లో మాత్రం ఆ లెక్క చాలా బిగుసుకుంటుంది. నాకు కావలసింది నీటి చదువు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన తాతయ్య ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని, కారణం వేరే చెప్పనక్కరలేదు.

మారడానికి వీలున్న నాలుగు క్యాంపస్‌లు చూద్దామని బయలుదేరింది సెప్టెంబర్ మొదటి వారంలో. మా కాలేజీ ఆ నెల చివర్లో తెరుస్తారు కాబట్టి నాకు ఖాళీ. కానీ ఒక సంగతి ముందుగా ఆలోచించలేదు. బర్క్లీ సెమిస్టర్ పద్ధతిలో ఆగస్టులోనే మొదలవుతుంది. స్టాన్‌ఫర్డ్, డేవిస్, యూసీఎల్‌ఏ మూడూ క్వార్టర్ పద్ధతివి (సెమిస్టర్ కంటే చిన్న టర్ములు), సెప్టెంబర్ చివరిదాకా తెరుచుకోవు. అంటే నేను చూసిన నాలుగింటిలో ఒకటి జాతరలా ఉంటే, మూడు సెలవుల్లో హైస్కూలులా ఉన్నాయి. కింద రాసేది చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

స్టాన్‌ఫర్డ్ గురించి పెద్దగా రాయను. కాల్‌ట్రెయిన్‌లో పాలో ఆల్టో వెళ్లడం హాయిగా ఉంది. 2024 నుంచి విద్యుత్ రైళ్లు నడుస్తున్నాయి, చప్పుడే లేదు. స్టేషన్ బయటే మార్గరీట్ అనే ఉచిత బస్సు ఉంటుంది. తాటిచెట్ల వరుస, ఇసుకరాతి వరండాలు, హూవర్ టవర్, అన్నీ ఫొటోల్లో ఉన్నట్టే ఉన్నాయి. ఇక్కడ పిన్ని మాటే నిజం. ట్రాన్స్‌ఫర్‌కు వేల దరఖాస్తులు వస్తే సీట్లు వంద లోపే. పైగా విదేశీ విద్యార్థి ఆర్థిక సాయం అడిగితే ఆ సంగతి కూడా ఎంపికలో లెక్కకు వస్తుంది. సగం పూటలో తిరిగివచ్చాను, బాధ కూడా వేయలేదు.

బర్క్లీకి రెండు రోజులు కేటాయించాను. ఫ్రీమాంట్‌లో పిన్ని ఇంటి దగ్గర బార్ట్ అనే మెట్రో రైలు ఆరెంజ్ లైన్ ఎక్కితే మారే పని లేకుండా డౌన్‌టౌన్ బర్క్లీలో దిగవచ్చు. క్యాంపస్ చూడడానికి వెళ్లేవారు ఈస్ట్ బేలో, అంటే బర్క్లీ, ఫ్రీమాంట్ ఉన్న వైపు, తెలిసినవాళ్ల ఇల్లుంటే మొహమాటపడకుండా అక్కడే దిగండి. బర్క్లీలో గది అద్దెలు చూశాక పిన్ని పెట్టిన ఉప్మాకు విలువ తెలిసింది.

ఉచిత టూరుకు వెళ్లాను. మా గుంపులో ఇరవై మందికి పైగా ఉంటే, హైస్కూలు పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ కాకుండా మిగిలింది నేనొక్కదాన్నే. మొదటి ఏడాది హాస్టళ్ల గురించి పావుగంట చెప్పారు. నేను మొదటి ఏడాది ఇక్కడ ఉండనే ఉండను! నోబెల్ గ్రహీతల కోసం ప్రత్యేకించిన పార్కింగ్ స్థలాలు చూపించినప్పుడు మాత్రం అందరం ఒకేలా నవ్వుకున్నాం. 307 అడుగుల గంటల గోపురం మీదికి లిఫ్టులో వెళ్తే, మంచు విడిచిన మధ్యాహ్నం గోల్డెన్ గేట్ వంతెన స్పష్టంగా కనపడింది. ఆ కాస్త డబ్బు పెట్టవచ్చు.

అసలు ప్రయోజనం మర్నాడు కలిగింది. ఇంజినీరింగ్ సలహాదారు దగ్గర ముందస్తు సమయం లేకుండా వెళ్తే పది నిమిషాలు ఇచ్చారు. పేరు అడగలేదు, "గణితం ఎంతవరకు వచ్చింది?" అని అడిగారు. మా కాలేజీలో కాల్క్యులస్ నాలుగు క్వార్టర్ల వరుస. రెండు చేసి మధ్యలో వేరేచోటికి మారితే, సెమిస్టర్ కాలేజీలో మిగతా పాఠాలు సరిగ్గా అతకవు, మధ్యలో ఒక అధ్యాయం జారిపోతుంది. మొదలుపెట్టిన వరుసను మొదలుపెట్టిన చోటే పూర్తి చేయమన్నారు. వేసవిలో ఒక కోర్సు వేరే కాలేజీలో తీసుకుందామని నేను వేసుకున్న పథకం ఆ పది నిమిషాల్లో చెత్తబుట్టలో పడింది. ఏ కోర్సు ఎక్కడ దేనికి సరిపోతుందో చూపే అసిస్ట్ వెబ్‌సైటును నేను వంద సార్లు చూశాను, కానీ ఈ ముక్క నాకు తట్టలేదు.

బర్క్లీ నుంచి డేవిస్‌కు క్యాపిటల్ కారిడార్ రైలు. స్టేషన్ ఊరి పశ్చిమాన సముద్రం వైపు ఉంటుంది. అక్కడినుంచి కాస్త నడిస్తే ఫోర్త్ స్ట్రీట్‌లో విక్స్ చాట్ ఉంది. భటూరా ఒక్కటి తింటే రైలు దిగేదాకా ఆకలి వేయదు. ప్రయాణం గంటంబావు.

డేవిస్‌లో దిగాక దెబ్బ తగిలింది. నేను బుక్ చేసుకున్న మోటెల్‌లో పాస్‌పోర్టు చూసి, "21 నిండనివాళ్లకు గది ఇవ్వం" అన్నారు. నాకు 20. ఆ నిబంధన బుకింగ్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉందట. డబ్బు వెనక్కి రావడానికి పదకొండు రోజులు పట్టింది. సాయంత్రం ఆరింటికి పెట్టె ఈడ్చుకుంటూ రెండో మోటెల్‌కు వెళ్తే, కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన, గుజరాతీ, నన్ను పైనుంచి కిందికి చూసి "స్టూడెంటా? భోజనం చేశావా బేటీ?" అన్నారు. గది పాతది, ఏసీ లారీలా మోగింది, దుప్పటి మాత్రం ఉతికిన వాసన వేసింది. మొదటిదానికంటే పద్దెనిమిది డాలర్లు తక్కువ కూడా. 21 లోపు వయసున్నవాళ్లు గది తీసుకునే ముందు ఫోను చేసి వయసు చెప్పి అడగండి. వెబ్‌సైటును నమ్మవద్దు.

డేవిస్ ఊరంతా సైకిళ్లే. ఒక పూటకు అద్దెకు తీసుకుని పుటా క్రీక్ పాత పాయ వెంట పెంచిన వృక్షవనం చుట్టూ తిరిగాను. ఊరి బస్సులను విద్యార్థులే నడుపుతారు. లండన్ నుంచి తెచ్చిన రెండు డబుల్ డెక్కర్లతో 1968లో మొదలైందట. నేనెక్కింది మామూలు బస్సే. డ్రైవరు నా వయసు అమ్మాయి, మలుపులో స్టీరింగ్ తిప్పిన తీరు చూస్తే మా కనిగిరి డిపో డ్రైవర్లు కూడా మెచ్చుకునేవారు.

క్యాంపస్‌లో మనుషులు లేరు. అదే నాకు కలిసివచ్చింది. ఇక్కడ హైడ్రాలజీకి, అంటే నేను కోరుకున్న నీటి చదువుకు, విడిగా డిగ్రీ కోర్సు ఉంది. ఆ విభాగం సలహాదారు ముప్పావు గంట కూర్చోబెట్టి మాట్లాడారు. భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ గురించి చెప్పబోతే, ఆవిడే "గ్రానైట్ నేలలా?" అని అడిగారు. మా ఊరి నేల గురించి ఈ దేశంలో ఎవరైనా ఒక ప్రశ్న వేయడం అదే మొదటిసారి. క్లాసులు మొదలై వరుసలో ముప్పై మంది ఉంటే ఆవిడకూ ఇంత తీరిక ఉండేది కాదేమో. బర్క్లీవారి పది నిమిషాలనూ దీన్నీ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదని తెలుసు. అయినా తూచాను.

డేవిస్ నుంచి పొద్దున్నే కోస్ట్ స్టార్‌లైట్ ఎక్కి రాత్రికి లాస్ ఏంజిలిస్ చేరాను. తొందర ఉన్నవాళ్లకు పనికిరాదు. సలీనాస్ లోయలో గంటల తరబడి పాలకూరలాంటి లెట్యూస్ మడులు, వాటి మధ్య నీళ్ల గొట్టాలు. శాన్ లూయిస్ ఒబిస్పో దాటాక రైలు సముద్రం అంచునే పోతుంది. కుడివైపు కూర్చోండి, లేదా అద్దాల పెట్టెలో చోటు పట్టుకోండి. ఇంటి నుంచి పులిహోర కట్టుకుపోవడం ఈ యాత్రలో నేను చేసిన తెలివైన పని.

లాస్ ఏంజిలిస్‌లో, యూసీఎల్‌ఏ ఉన్న వెస్ట్‌వుడ్ దగ్గర ఆన్‌లైన్‌లో తీసుకున్న "ప్రత్యేక గది" తీరా చూస్తే హాలులో పరదా కట్టిన మూల. శుభ్రపరిచే రుసుము విడిగా 45 డాలర్లు, బాత్‌రూమ్ చూస్తే ఆ డబ్బు ఎవరికి చేరిందో అర్థం కాలేదు. రెండో రోజే శాంటా మోనికాలో ఒక హాస్టల్‌కు మారాను. ఆడపిల్లల గదిలో ఎనిమిది మంచాలు, తాళం వేసుకునే పెట్టె, వంటగది. అక్కడినుంచి బిగ్ బ్లూ బస్సు నేరుగా యూసీఎల్‌ఏకు తీసుకెళ్తుంది. క్యాంపస్ దగ్గరే ఉండాలన్న పట్టుదల వద్దు.

యూసీఎల్‌ఏ అందం గురించి విన్నదంతా నిజమే. 87 జాన్స్ మెట్లు ఎక్కి రాయిస్ హాల్ ముందు నిలబడితే ఎవరికైనా ఇక్కడే చదవాలనిపిస్తుంది. బోల్టర్ హాల్‌లో 1969 అక్టోబర్ 29న ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్‌లో మొట్టమొదటి సందేశం పంపిన 3420 గది ఉంది. "లాగిన్" అని కొడుతుంటే రెండక్షరాలు వెళ్లగానే అవతలి యంత్రం పడిపోయిందట. సివిల్ ఇంజినీరింగ్ విభాగం కూడా ఆ భవనంలోనే. కానీ నాతో మాట్లాడగలిగినవాళ్లు సెలవులో ఉన్నారు. తప్పు నాది, ముందుగా ఈమెయిల్ రాసి ఉండవలసింది.

తిరుగు ప్రయాణం రాత్రి బస్సులో, రెండు గంటలు ఆలస్యం, ఎందుకో చెప్పే మనిషి లేడు. మొత్తం ఖర్చు 700 డాలర్ల లోపే.

అసలు ఖర్చు ముందుంది. విదేశీ విద్యార్థికి యూసీల్లో (బర్క్లీ, డేవిస్, యూసీఎల్‌ఏ లాంటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌ల్లో) ఫీజు, ఇల్లు, తిండి కలిపి ఏడాదికి 80 వేల డాలర్ల దరిదాపు. నాన్న రెండేళ్లకు సిద్ధపడ్డారు, మూడో ఏడాది అంటే కుదరదు. కోర్సు వరుస గురించి ఆ పది నిమిషాల మాట నాకు ఎంత విలువైనదో ఇప్పుడు తెలుస్తుంది.

సీటుకు హామీ ఇచ్చే ట్యాగ్ పద్ధతి ఆరు యూసీల్లోనే ఉంది. బర్క్లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో అందులో లేవు. ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి, సెప్టెంబర్ 30 లోగా. పిన్ని వాళ్ల భోజనాల బల్ల దగ్గర కూర్చుని డేవిస్ పేరు నింపాను. భుజం మీదుగా చూసిన పిన్ని అడిగింది.

"అయితే ఆ గంటల గోపురం కాలేజీ వదిలేసినట్టేనా?"

"లేదు పిన్నీ, దానికి నవంబర్ చివరిదాకా గడువుంది. దరఖాస్తు 95 డాలర్లు."

"నా పేరు చెప్పి అది కూడా పెట్టు," అని పర్సు కోసం లోపలికి వెళ్లింది.