కరాటే కోసం వెతికి జూడోలో చేరాను: మా క్లబ్ రివ్యూ

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో కింద చెప్తాను. ముందు నా సంగతి చెప్పాలి. నలభై దాటాయి. పగలంతా కుర్చీలో కూర్చుని ఖాతా పుస్తకాలు చూసే ఉద్యోగం. మెట్లు దిగేటప్పుడు ఎడమ మోకాలు కాస్త సతాయిస్తుంది. చిన్నప్పుడు ఏ ఆటా ఆడిన పాపాన పోలేదు. కాబట్టి పోటీలకు వెళ్లి పతకాలు తేవాలనుకునేవాళ్లకు ఈ రివ్యూ సగమే పనికొస్తుంది. నాలాగా ఆలస్యంగా మొదలుపెట్టేవాళ్ల కోసమే రాస్తున్నాను.

నిజానికి నేను వెతికింది కరాటే క్లబ్. చేరింది జూడోలో. కరాటే మీద నాకు చిన్నచూపేమీ లేదు. నాకు అందుబాటులో ఉన్న క్లబ్బుల్లో కొత్తవాళ్లను సరిగ్గా చూసుకున్నది జూడో క్లబ్ కావడమే కారణం. ఏ విద్య గొప్పదనే వాదనలో తలదూర్చితే తెల్లారిపోతుంది. కరాటేలో గుద్దులు, తన్నులు, కతాలు (ఎదురెవరూ లేకుండా ఒక వరసలో చేసే కదలికలు). అందులోనే క్యోకుషిన్ లాంటి శైలి అయితే దెబ్బలు గట్టిగానే తగులుతాయి. టైక్వాండోలో కాళ్ల పని ఎక్కువ. జూడోలో పట్టుకోవడం, విసరడం, కింద పడ్డాక అదిమిపెట్టడం ఉంటాయి, గుద్దులుండవు. పొద్దున్నే ముఖం మీద కమిలిన మచ్చతో ఆఫీసుకి వెళ్లలేని నాలాంటివాళ్లకు ఈ చివరి మాట ముఖ్యం. ఇంతకుమించి శైలి గురించి ముందుగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

ఎక్కడికెళ్లినా చేరకముందు ఒక క్లాసు మొత్తం గోడ పక్కన కూర్చుని చూస్తానని అడిగాను. ఒక చోట ఆ మాట అనగానే ఫారం చేతిలో పెట్టి, 'ముందు రిజిస్ట్రేషన్ చేయించుకోండి, తర్వాత ఎన్ని క్లాసులైనా చూడొచ్చు' అన్నారు. వృత్తి బుద్ధి కదా, అక్కడే నిలబడి ఆ ఫారం చివరి అక్షరం వరకూ చదివాను. నెల ఫీజు మామూలుగానే కనిపించింది. దాని కింద చిన్న అక్షరాల్లో సభ్యత్వం, యూనిఫాం వాళ్ల దగ్గరే కొనాలన్న నిబంధన, ప్రతి బెల్టుకీ పరీక్ష ఫీజు, మధ్యలో మానేసినా ఏడాది మొత్తం కట్టాలన్న షరతు. ఏడాదిన్నరలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అని గోడ మీద పోస్టర్. బ్లాక్ బెల్ట్‌కి గ్యారంటీ ఇచ్చే చోట అది అమ్మకపు సరుకు. ఇప్పుడు మనం చూసే ఈ రంగురంగుల బెల్టులు కూడా జూడోతో పాటు పుట్టినవి కావు, చాలావరకు 20వ శతాబ్దంలో యూరప్‌లో అలవాటయ్యాయి. నేర్చుకునేవాళ్లకు ముందు కనిపించే మెట్టు ఉంటే ఉత్సాహం ఉంటుంది, అందులో తప్పు లేదు. కానీ మెట్టుకో టికెట్ పెడితే ఎన్ని మెట్లు కట్టాలో కట్టేవాడి ఇష్టమవుతుంది.

ఇంకో క్లబ్‌లో కరాటే బాగానే నేర్పుతున్నారు. వరసలు చక్కగా ఉన్నాయి, కతా చేస్తుంటే చూడముచ్చటగా ఉంది. చివర్లో స్పారింగ్ మొదలైంది. బ్రౌన్ బెల్ట్ వేసుకున్న ఒక కుర్రాడు, నిన్నో మొన్నో చేరినట్టున్న వైట్ బెల్ట్ అబ్బాయిని మూలకి నెట్టి వాయించేస్తున్నాడు. ఆ అబ్బాయి చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు. మాస్టర్ గారు ఫోన్ చూసుకుంటున్నారు. తర్వాత సీనియర్లు నవ్వుతూ 'అలాగే గట్టిపడతారు' అన్నారు. గట్టిపడినవాళ్లు మాత్రమే మిగిలితే అలాగే అనిపిస్తుంది మరి. మానేసినవాళ్లు వచ్చి చెప్పరు కదా.

ఇక మా క్లబ్. బయటి నుంచి చూస్తే ఎవరికీ నచ్చదు. బోర్డు మీద రంగు ఊడిపోయింది, లోపల ఫ్యాన్ల చప్పుడు, చెమట వాసన. కానీ మ్యాట్ల మధ్య ఎక్కడా సందులు లేవు. బొటనవేలు ఇరుక్కునేది ఆ సందుల్లోనే, అందుకే నేను ముందు చూసింది అది. మ్యాట్ అంచున చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. క్లాసుకి ముందు ఇద్దరు సీనియర్లు మ్యాట్ తుడిచారు. గోళ్లు పెరిగినవాళ్లను కోచ్ పక్కకి పంపి కత్తిరించుకుని రమ్మన్నారు. చాదస్తంలా అనిపించొచ్చు. ఒంటికి ఒళ్లు రాసుకునే ఆటలో తామర ఒకరికి వస్తే బ్యాచ్ మొత్తానికి అంటుకుంటుంది.

మొదటి వారాలంతా పడటమే నేర్పించారు. ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించి, తల వెనక భాగం నేలకి తగలకుండా, చేతిని చాచి మ్యాట్ మీద చరుస్తూ పడాలి. వెనక్కి, పక్కకి, తర్వాత ముందుకి దొర్లుతూ. ముందు కూర్చుని, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాత నిలబడి. నాకు చచ్చేంత బోర్ కొట్టింది. ఎత్తి విసరడం ఎప్పుడు నేర్పిస్తారని అడిగితే, 'మీరు పడటం చూసి నాకు టెన్షన్ తగ్గాక' అన్నారు కోచ్.

ఆ తర్వాత కూడా ఆయన 'ఓసోతో-గారి' అనే పట్టుతో మొదలుపెట్టలేదు. ఎదుటివాడి కాలిని వెనకనుంచి కోసినట్టు లాగి వెల్లకిలా పడేస్తారు అందులో. చూడటానికి తేలిక, చాలా చోట్ల మొదట్లోనే నేర్పుతారు. పడటం సరిగ్గా రానివాడి తల వెనక భాగం నేలకి కొట్టుకునే ప్రమాదం దాంట్లోనే ఎక్కువ. మాకు ముందు తుంటి మీదుగా తిప్పి దించే 'ఓ-గోషి' అనే పట్టు నేర్పారు. అందులో విసిరేవాడు పట్టు వదలకుండా ఎదుటివాడిని నెమ్మదిగా దించగలడు. నాకు ఈ క్లబ్ మీద పూర్తి నమ్మకం కుదిరింది ఆ వరస చూశాకే.

రందోరిలో, అంటే ఇద్దరూ నిజంగా పట్టుకుని ప్రయత్నించే సమయంలో, కొత్తవాడికి జతగా ఎవరిని పెడతారో చూడండి. మా దగ్గర బ్లాక్ బెల్ట్ వాళ్లను పెడతారు, అదీ బరువు చూసి. ఇద్దరు కొత్తవాళ్లను కలిపి వదిలితే భయంతో బిగుసుకుపోయి ఒకరి మీద ఒకరు పడి మోకాళ్లు విరగ్గొట్టుకుంటారు. అనుభవం ఉన్నవాడికి ఎక్కడ ఆపాలో తెలుసు. చేతి పట్టులో గానీ మెడ పట్టులో గానీ చిక్కితే రెండుసార్లు తట్టాలి, అంతే, వదిలేయాలి. ఒకసారి ఒక సీనియర్ తట్టినా అరక్షణం ఆలస్యంగా వదిలాడు. ఆ రోజు మిగతా క్లాసంతా అతన్ని పక్కన కూర్చోబెట్టారు. అరవలేదు, తిట్టలేదు. ఆ అరక్షణం గురించి ఇంకెవరూ మాట్లాడనక్కర్లేకుండా పోయింది.

కోచ్ అర్హతలు కూడా అడిగాను. ఏ సంస్థ డాన్ (బ్లాక్ బెల్ట్ స్థాయి) ఇచ్చింది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఫస్ట్ ఎయిడ్ శిక్షణ ఉందా అని. చిరాకు పడకుండా చెప్పారు. జూడోకి 1882లో జిగోరో కానో మొదలుపెట్టిన కోడోకాన్ అనే మూల సంస్థ ఉంది, టైక్వాండో డాన్‌లకి సియోల్‌లోని కుక్కివాన్ ఉంది. కరాటేకి మాత్రం అలాంటి ఒకే ఇల్లు లేదు. షోటోకాన్, గోజు ర్యు, షితో ర్యు, వాడో ర్యు అని శైలులు, వాటిలో మళ్లీ చీలికలు. అందుకని కరాటే క్లబ్‌లో సర్టిఫికెట్ మీద సంస్థ పేరు ఎంత పెద్దగా ఉన్నా, అది ఎవరిదో ఒక్క ప్రశ్న అడిగి తెలుసుకోవాలి. ప్రశ్నకి కోపం వస్తే అదే జవాబు.

తగ్గించిన మార్కు సంగతికొస్తే, సమాచారం చెప్పడంలో మా క్లబ్ ఘోరం. సెలవులు, బ్యాచ్ టైము మార్పులు తలుపు దగ్గరికి వెళ్తే గానీ తెలియవు. గ్రేడింగ్‌కి, అంటే బెల్టు పరీక్షకి, ఎవరు వెళ్లాలో చివరి నిమిషంలో చెప్తారు. బట్టలు మార్చుకోవడానికి ఉన్నది ఒక్కటే గది, ఆడవాళ్లు ముందు, మగవాళ్లు తర్వాత, లైన్ కట్టాలి. వయసులో పెద్దవాళ్లకి వేరుగా వార్మప్ ఉంటే బాగుండేది. కాలేజీ పిల్లలతో పాటు కప్పగంతులు వేయమంటారు, నా మోకాలికి కుదరదని చెప్పాక వేరే వ్యాయామం ఇచ్చారు. చెప్పుకోవాల్సింది మనమే, ఎవరూ అడగరు.

మెడ, నడుము సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా జూడోకి రావద్దు. నేనైతే అలాంటివాళ్లకి తాకిడి లేకుండా కతా నేర్పే మంచి కరాటే క్లబ్ చూసుకోమంటాను. యూనిఫాం మొదటి రోజే కొనకండి. మా దగ్గర పాత జతలు అరువిస్తారు, చేతులు కొంచెం పొట్టిగా ఉంటాయి, పట్టుకునేవాళ్లు గొణుగుతారు, కానీ ఉంటామో పోతామో తేలేదాకా అవి చాలు. పిల్లల బ్యాచ్ వేరే కోచ్ చూస్తారు. అది నేను ఒక్క క్లాసు కూడా కూర్చుని చూడలేదు, దానికి మార్కులు వేయను.